నాన్న పెట్టిన అరవై

నవంబరు 10, 2024. ఆదివారం

హౌరా పక్కన లిలువా వెళ్లొచ్చాం. ఇక్కడి తెలుగువాళ్లలో మాకు పరిచయమైన అప్పాయమ్మ గారి మనవరాలు మహితకు సీమంతం. అప్పాయమ్మ గారి భర్త అక్కడి రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవారు, ఇప్పుడు లేరు. ఆవిడ ఇచ్ఛాపురం నుంచి కాపురానికి వచ్చి ఇక్కడే ముసలావిడ అయిపోయింది. మాట మాత్రం ఇచ్ఛాపురంలోనే ఉండిపోయింది.

ఫోటోలకు ఎవర్నీ పిలవొద్దు, మన బ్యాంకు మేనేజరుగారు తీస్తారు అని అందరికీ ముందే చెప్పేసిందట. నాకూ సరదాగానే అనిపించింది. విశాఖ బ్రాంచి నుంచి బదిలీ మీద వచ్చేస్తుంటే స్టాఫంతా కలిసి కొనిచ్చిన కెమెరా, ఇన్నాళ్లకు పనికొచ్చింది.

కామేష్ ఆ ఇంట్లో అరల మీదున్న సామానంతా చూస్తూ తిరిగాడు. మా ఆయనకు తెలుగు అక్షరం కనిపిస్తే పైకి చదవడం ఒక జబ్బు. ఇక్కడ బస్సు బోర్డులూ దుకాణం బోర్డులూ బెంగాలీలో ఉంటాయి కనుక ఆ జబ్బు మరీ ముదిరింది. ఇంట్లో ఆవకాయ సీసా మీది లేబుల్ రోజూ కొత్తగా చదువుతాడు.

హౌరా లోకల్లో కూర్చుని కెమెరా వెనక స్క్రీన్ మీద చూసుకున్నాను. మనుషులున్నవి ఒక్కటీ సరిగా రాలేదు. ఎలా వచ్చాయని కామేష్ అడిగాడు. బాగున్నాయన్నాను.

నవంబరు 11

లంచ్‌లో క్యాబిన్ తలుపు వేసుకుని మళ్లీ చూశాను. గాజులు తొడుగుతున్న చేతులు చెరిగిపోయాయి. మహిత నవ్వు చెరిగిపోయింది. హారతి పళ్లెం పళ్లెంలా లేదు, ఒక పసుపు గీతలా ఉంది. పేరంటాళ్లకు రెండేసి ముక్కులు.

వెలుతురు చాలలేదనుకుందామంటే బొమ్మ వెలుగ్గానే ఉంది. కెమెరా పాడైందనుకుందామంటే కొత్తది. తీయడం రాదనుకుందామంటే నాన్న నేర్పినట్టే తీశాను. చక్రం అరవై మీద పెట్టు, అంటే సెకనులో అరవయ్యో వంతు. మోచేతులు డొక్కలకు ఆనించు. ఊపిరి బిగబట్టు. నొక్కు. చిన్నప్పటి నుంచీ అంతే, అరవై నుంచి చక్రం కదిపి ఎరగను. అన్నీ చేశాను.

ఇంక మిగిలింది నా చెయ్యి.

ఈ మాట ఇక్కడ తప్ప ఎక్కడా అనను.

నవంబరు 14

నాన్నకు మొదలైనప్పుడు ఇంచుమించు నా వయసే.

హనుమయ్య గారు. సర్వే ఆఫీసులో హెడ్ క్లర్కు. బంధువుల పెళ్లిళ్లన్నిటికీ జీతం లేని ఫోటోగ్రాఫరు. అందర్నీ వరసగా నిలబెట్టి కదలొద్దని ఒక్క అరుపు అరిస్తే పెళ్లికొడుకు కూడా ఊపిరి ఆపేసేవాడు. అలాంటి మనిషికి ముందు కాఫీ గ్లాసు అంచు దాటి ఒలకడం మొదలైంది. తర్వాత చొక్కా గుండీలు అందలేదు. తర్వాత కుడిచెయ్యి తువ్వాలు కింద పెట్టుకుని మాట్లాడేవారు. పార్కిన్సన్స్ అని డాక్టరు పేరు పెట్టేసరికి ఏళ్లు గడిచాయి. పేరు పెట్టాక కూడా మా ఇంట్లో ఎవరూ ఆ పేరు అనలేదు. ‘అది’ అనేవాళ్లం. అది ఇవాళ ఎలా ఉంది, అది కొంచెం తగ్గిందా.

నేను ఆయన్ను తీసిన ఆఖరి ఫోటో చెయ్యి దగ్గర చెడిపోయింది. పారెయ్యడానికి మనసొప్పలేదు, చూడ్డానికీ ఒప్పలేదు. బట్టల పెట్టె అడుగున వేసి ఊరూరా మోసుకు తిరుగుతున్నాను.

ఇవాళ మెటియాబ్రుజ్‌లో మా బ్రాంచి ముందు నిలబడి టీ తాగుతుంటే మట్టి కప్పులో టీ వణికింది. నా చెయ్యి వణికిందో, పక్కనుంచి పోర్టు లారీ పోయిందో తెలియలేదు. అక్కడ లారీ పోని నిమిషం ఉండదు. అయినా సగం టీ పారబోశాను.

నవంబరు 15

కుడిచెయ్యి కొంగులో చుట్టుకుని కూర్చుంటున్నానట. చలేస్తోందా అని కామేష్ అడిగాడు. అవునన్నాను. నెత్తిమీద ఫ్యాన్ తిరుగుతోంది.

నవంబరు 18

ఇవాళ అడ్డమైన పనీ చేశాను. పోయినేడాది నేను పెట్టిన సంతకాలు తీసి ఇవాళ్టి వాటి పక్కన పెట్టి చూసుకున్నాను. నా పేరులోని ‘ఉ’ తోక కొంచెం వంకర పోయినట్టుంది. సంతకంలో తేడా ఉందని ఎందరి చెక్కులో వాపసు పంపాను ఇన్నేళ్లలో. మేనేజరు సంతకమే తేడా వస్తే ఎవరు ఎవరికి వాపసు పంపుతారు? ఆఫీసర్ ఆశిష్ లోపలికొచ్చి ఏం వెతుకుతున్నారు మ్యాడమ్ అన్నాడు. అతని మీద ఊరికే విసుక్కున్నాను. పాపం, మన గుంటూరు పిల్లాడు, మొహం చిన్నబుచ్చుకుని పోయాడు.

నవంబరు 20

ఇన్‌స్పెక్షన్ పనిమీద బడ్జ్ బడ్జ్ వెళ్లాను. పని అయ్యాక పరీక్ష పెట్టుకుందామని ఫెర్రీ ఘాట్ దగ్గర కెమెరా తీశాను. అరవై, మోచేతులు, ఊపిరి. పడవ దిగుతున్న జనం మొత్తం అలికేసినట్టు వచ్చారు. మధ్యలో ఒక గార్డు కెమెరా చూసి అటెన్షన్‌లో నిలబడ్డాడు, అతను మాత్రం మీసంతో సహా శుభ్రంగా పడ్డాడు. ఎదురు చూడని చోట ఒకటి బాగా రావడంతో ఇంకా భయం వేసింది. నాన్నకూ ఇలాగే ఉండేది. కాసేపు ఉండదు, కాసేపు ఉంటుంది.

నవంబరు 22

ఇంటర్నెట్‌లో లక్షణాలు చదవడం మానెయ్యాలి. ఆ జబ్బువన్నీ నాకున్నాయి. పక్క పేజీలో మగవాళ్ల జబ్బువి కూడా.

నవంబరు 24. ఆదివారం, పొద్దున

అప్పాయమ్మ గారు ఫోన్ చేశారు. మహిత పెళ్లి ఆల్బం కంటే ఈ సీమంతం ఫోటోల కోసం ఎక్కువ అడుగుతోందట. మెమరీ కార్డు పాడైందని అబద్ధం చెప్పాను. ఒక్కటీ మిగల్లేదా అన్నారు ఆవిడ. ఉన్నాయి కానీ మసకగా ఉన్నాయని నోరు జారాను.

“మసకైతే నాకేటమ్మా, నాకు శుక్లాలు, అన్నీ మసకే. మా పిల్ల నవ్వింది గదా. పంపీ.”

ఫోన్ పెట్టేసి బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చాను. బయటికొచ్చేసరికి కామేష్ తలుపు ముందే నిలబడి ఉన్నాడు. చెప్పేశాను. ఫోటోలు, టీ, సంతకాలు, అన్నీ. స్టీల్ ప్లాంట్ ఉద్యోగం వదులుకుని నా బదిలీ వెంట వంట గరిటె పట్టుకుని వచ్చిన మనిషి. ఆయనకు చెప్పకుండా ఎవరి దగ్గర దాచుకున్నానో ఏమిటో.

కామేష్ నా కుడిచెయ్యి పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత ఆ ఫోటోలేవో నన్నూ చూడనీ అన్నాడు.

అదే రోజు, సాయంత్రం

రాయాలి, వెంటనే రాయాలి.

కామేష్ కార్డు తీసి టీవీకి తగిలించాడు. ఇన్నాళ్లూ నేను అరచేతిలో పట్టే స్క్రీన్ మీదే చూశాను, అందులోనూ మొహాలే చూశాను. టీవీలో హారతి ఫోటో గోడంత పెద్దదైంది. నేను కళ్లు పక్కకు తిప్పుకున్నాను. ఆయన కుర్చీ లాక్కుని టీవీ ముందు కూర్చున్నాడు, ముక్కు తగిలేంత దగ్గరగా. ఆ తర్వాత అలవాటు కొద్దీ పైకి చదివాడు.

“యస్. అప్పాయమ్మ, ఇచ్ఛాపురం, పన్నెండు అయిదు డెబ్భై నాలుగు.”

ఎక్కడుంది అన్నాను. వెనక అర మీద, స్టీలు బిందె మెడ చుట్టూ. మన ఆడవాళ్లు బిందె కొన్న రోజే కొట్లో పేరు కొట్టించుకుంటారు కదా, చుక్కలు చుక్కలుగా, చీమ తలకాయంత అక్షరాలు. ఆ అక్షరాలు. హారతి గీతలా సాగిపోయిన అదే ఫోటోలో, మహిత మొహం చెరిగిపోయిన అదే ఫోటోలో, వెనక బిందె మీద ఇచ్ఛాపురం లోని ‘చ్ఛా’ ఒత్తు కూడా విడిగా కనపడుతోంది.

నా చెయ్యి వణికి ఉంటే కెమెరా మొత్తం కదులుతుంది. కెమెరా కదిలితే బొమ్మ మొత్తం కదులుతుంది. మహితా కదలాలి, బిందే కదలాలి, గోడా కదలాలి. బిందె కదల్లేదు. గోడ కదల్లేదు. కదిలింది నవ్వుతున్న వాళ్లు, గాజులు తొడిగేవాళ్లు, హారతి తిప్పేవాళ్లు. వాళ్లే కదిలారు. నేను కదల్లేదు.

తర్వాత ఫోటో వెయ్యమన్నాను. ఇత్తడి చెంబు, దాని మీద కోడలి పేరు. చదివాడు. ఇంకోటి. పళ్లెం, మహిత పుట్టిన తారీఖు. చదివాడు. మా ఆయన గొంతు ఇంత తియ్యగా ఉంటుందని పెళ్లయిన ఇన్నేళ్లలో ఎప్పుడూ అనిపించలేదు. పాపం మనిషి, మళ్లీ దొరకవన్నట్టు ఒక్కో గిన్నె దగ్గరా ఆగి చదువుతూనే ఉన్నాడు.

నెత్తిన పాలు పోసినట్టయింది. ఏడుస్తూ నవ్వాను.

అయినా నేను బ్యాంకుదాన్ని. ఒక్క కాగితం చూసి నమ్మను. వంటింట్లో పరీక్ష పెట్టాం. కామేష్ ఉల్లిపాయ పైకి ఎగరేశాడు. అరవై: గాల్లో ఊదారంగు చార, వెనక పోపు డబ్బా మాత్రం స్పష్టం. చక్రం రెండు వందల యాభైకి తిప్పాను, చేతికి కొత్తగా అనిపించింది: గుడ్డు ఆకారంలో ఉల్లిపాయ. వెయ్యికి తిప్పాను. ఉల్లిపాయ గాల్లో కదలకుండా కూర్చుంది, ఊడిన పొర ఒకటి పక్కన ఆగి ఉంది. బొమ్మ కాస్త గరుకుగా వచ్చింది, వెలుతురు చాలక. అయితే ఏం. నంబరు పెరిగేకొద్దీ కెమెరా రెప్ప తొందరగా వేస్తుంది, కదిలే వాటిని కదలకముందే పట్టేస్తుంది. ఈ సంగతి ప్రపంచం అందరికీ తెలుసు. మాకు తెలియదు. మా నాన్న ముందు ఎవడికీ కదిలే ధైర్యం లేదు కనుక మా ఇంట్లో అరవై సరిపోయింది.

నాన్న మూడు చెప్పారు. అరవై పెట్టు, ఊపిరి బిగబట్టు, కదలొద్దని అరువు. మొదటి రెండూ చేశాను. పరాయి ఊరు, పరాయి వాళ్ల పేరంటం, మూడోది అరవలేకపోయాను.

మధ్యాహ్నం అన్నం తిన్లేదని ఇప్పుడు గుర్తొచ్చింది.

నవంబరు 25

ఆశిష్‌కు సారీ చెప్పాను. ఎందుకో అతనికి అర్థం కాలేదు. మిష్టి దొయ్, అదే ఇక్కడి తీపి పెరుగు, తెప్పించి పెట్టాను. అదీ అర్థం కాలేదు.

నవంబరు 28

పొద్దున లేవగానే మళ్లీ సందేహం. ఫోటోలు చెప్పింది సరే, టీ సంగతేమిటి? కామేష్ ఈసారి వాదించలేదు. డాక్టరు దగ్గర టైం తీసేసుకున్నాడు.

డిసెంబరు 2

న్యూరాలజిస్టు ఒక బెంగాలీ ఆవిడ, నా ఈడే. కాగితం మీద నత్త చుట్టలాగా లోపల్నుంచి బయటికి గీత గీయమన్నారు. గీశాను. వేళ్లు టకటకా కొట్టమన్నారు, నడవమన్నారు, వెనక నుంచి భుజాలు గుంజారు. మణికట్టు పట్టుకుని అటూ ఇటూ తిప్పారు. నాన్న గురించి అడిగారు. ఆ పేరు నా నోటితో అన్నాను, పార్కిన్సన్స్ అని. అనేశాక ఏమీ కాలేదు, సీలింగు కూలలేదు.

ఆవిడ కాగితం నా వైపు తిప్పి నాలుగు ముక్కలు చెప్పారు. జబ్బు ఛాయలు ఏమీ లేవు. తండ్రికి వచ్చిందని పిల్లలకు రావాలని లేదు, చాలామందిలో రాదు. కాఫీ సగానికి తగ్గించండి, నిద్రపోండి. భయం పోకపోతే ఏడాదికోసారి వచ్చి నాకు గీత గీసి చూపించండి.

బయట పుచ్కా బండి దగ్గర నిలబడి తిన్నాం, మన పానీపూరీనే ఇక్కడ పుచ్కా అంటారు. చింతపండు నీళ్లు నిండా పోసిన పుచ్కా కుడిచేత్తో ఎత్తాను. ఒక్క చుక్క ఒలకలేదు. ఒలికితే మాత్రం ఏముందిలే, పుచ్కా అన్నాక అందరికీ ఒలుకుతుంది. ఇన్నాళ్లూ నాకిది తోచలేదు.

నాన్న నుంచి నాకు వచ్చింది వణుకు కాదు. అరవై.

డిసెంబరు 8. ఆదివారం

పొద్దున్నే మైదాన్‌కు పోయాం. చక్రం ఇష్టమొచ్చినట్టు తిప్పాను. ఫుట్‌బాల్ ఆడే కుర్రాళ్లకు వెయ్యి కావాలి. అయిదు వందలకు మనిషి ఆగుతున్నాడు కానీ బంతి ఆగడం లేదు. మంచులో నడక మనుషులకు రెండు వందల యాభై చాలు. కాకులు మాత్రం ఎంత పెట్టినా ఫ్రేములోంచే పోతాయి, అది స్పీడు సమస్య కాదు, కాకి సమస్య.

ట్రాముకు వెయ్యి పెడితే షెడ్డులో నిలబెట్టినట్టు వచ్చింది. ప్రాణం లేదు. అప్పుడు చక్రం వెనక్కి, ముప్పైకి తెచ్చి, ట్రాముతో పాటు నేనూ నెమ్మదిగా తిరుగుతూ నొక్కాను. నాలుగైదు తప్పాక ఒకటి కుదిరింది. ట్రాము స్పష్టం, కిటికీలో ముసలాయన కళ్లజోడు కూడా స్పష్టం, వెనక చెట్లన్నీ పరుగెత్తుతున్నాయి. జీవితంలో మొదటిసారి కావాలని చెయ్యి కదిపాను.

బెంచీ మీద ఒకాయన పేపరు చదువుకుంటున్నాడు. ఆయనకు అరవై పెట్టాను. అరవైకీ ఒక మనిషి దొరికినందుకు ఎంత సంతోషం వేసిందో.

డిసెంబరు 11

లోన్ ఫైలు కోసం ఒక టైలరింగ్ వర్క్‌షాపులో కుట్టుమిషన్ల ఫోటోలు తీయాలి. నేను కెమెరా ఎత్తగానే మాస్టర్‌జీలు మిషన్లు ఆపి బొమ్మల్లా కూర్చున్నారు. నాన్న చూస్తే మురిసిపోయేవారు. నేను మాత్రం రుకియే మత్, చలాయియే అన్నాను, ఆపొద్దు, నడపండి అని. నవ్వుతూ తొక్కారు. వెయ్యి పైన పెడితే సూది గుడ్డలో సగం దిగి ఆగింది. మా రీజనల్ ఆఫీసుకు సూదులు అక్కర్లేదు, అయినా పంపాను.

డిసెంబరు 15. ఆదివారం

లిలువా. ఫోటోలు అచ్చు వేయించి తీసుకెళ్లాను, చెరిగిపోయినవి కూడా. కార్డు పాడవలేదని, అబద్ధమాడానని చెప్పాను. అప్పాయమ్మ గారు ఆ ముక్క పట్టించుకోలేదు. బిందె బాగా పడిందని అందరికీ చూపించుకున్నారు. సాగిపోయిన హారతి ఫోటో మాత్రం మహిత తన దగ్గరే పెట్టుకుంది. అందరూ కదులుతున్నట్టుంది, ఆ రోజు నిజంగా అంత హడావిడిగానే ఉంది అంది.

నిండా పాయసం పోసిన గిన్నె నా చేతికిచ్చి, వరండాలో కూర్చున్న మగవాళ్లకు పట్టుకెళ్లమన్నారు అప్పాయమ్మ గారు. ఎవరికీ ఏమీ తెలియదు కదా, ఊరికే ఇచ్చారు. గుమ్మం దాటి, చెప్పుల మధ్య నుంచి, పిల్లల మధ్య నుంచి పట్టుకెళ్లాను. కామేష్ ఒక్కడే చూస్తున్నాడు. గిన్నె అందుకుని అడుగున ఎవరి పేరుందో తిప్పి చూడబోయాడు. పాయసం ఆయనే ఒలకబోశాడు.

జనవరి 19, 2025. ఆదివారం

మహితకు ఆడపిల్ల. ఇవాళ బారసాల.

ఊగే ఉయ్యాలకు రెండు వందల యాభై. పాప ఆవలింతకు అదే చాలింది. తుమ్ముకు చాలలేదు. పేరంటాళ్లు పాడుతూ, ఒకరినొకరు తోసుకుంటూ, పాప బుగ్గలు పట్టుకుంటూ ఇష్టమొచ్చినట్టు తిరిగారు. ఎవర్నీ ఆపలేదు.

ఆఖర్న అందరూ కలిసి ఒక ఫోటో అన్నారు. వరసగా నిలబడ్డారు. చక్రం అరవైకి తిప్పాను, మోచేతులు డొక్కలకు ఆనించాను. ఊపిరి బిగబట్టబోతూ ఒక్క అరుపు అరిచాను.

“కదలొద్దు.”

అచ్చం ఆయన గొంతే. వీధిలో కుక్క కూడా ఆగింది. పాప తప్ప ఎవరూ కదల్లేదు.

జనవరి 20

పెట్టె అడుగు నుంచి నాన్న ఆఖరి ఫోటో తీసి హాల్లో పెట్టాం.

కామేష్ అలవాటుగా చదివాడు. వెనక గోడ మీద క్యాలెండరు, కొట్టు పేరు, ఊరు, నెల. నాన్న చేతిలో స్టీలు గ్లాసు దగ్గరకొచ్చి ఆగిపోయాడు. దాని మీదా పేరుంది, కానీ అక్షరాలు అలుక్కుపోయాయి. అరవైలో ఆ చెయ్యి ఒక్కటే కదిలింది.

నేను చదివి పెట్టాను. హనుమయ్య.